రోటరీ ఇంజన్ రీబిల్డ్: పాత రోటర్లను పరీక్షించి జత కుదర్చడం ఎలా?

రోటరీ ఇంజన్ (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్) విప్పగానే అందరి చూపూ ముందు హౌసింగ్‌ల మీదకే, అంటే రోటర్ తిరిగే గదుల గోడల మీదకే పోతుంది. లోపలి క్రోమ్ పూత లేచిందా, గీతలు పడ్డాయా అని వేలితో తడిమి తడిమి చూస్తాం. రోటర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పోత ఇనుమే కదా, దీనికేమవుతుంది" అనుకుని కడిగి పక్కన పెట్టేస్తాం. ఎన్నో రీబిల్డ్‌లు దెబ్బతినేది అక్కడే. గ్యాస్ జారకుండా ఆపే సీల్స్ ఎంత ఖరీదైనవి కొన్నా, అవి నిలబడాల్సింది పాత రోటర్ గాడిలోనే. ఆ గాడి వదులైపోతే కొత్త సీల్ కూడా పాతదానిలాగే వాలిపోతుంది, కంప్రెషన్ రాదు.

ఈ వ్యాసంలో నేను చెప్పే కొలతలు 2 మిల్లీమీటర్ల ఎపెక్స్ సీల్స్ (రోటర్ మూలల గాడుల్లో నిలబడే సీల్స్) వాడే మాజ్డా 13బి ఇంజన్‌వి, అంటే 1986 ఆర్‌ఎక్స్-7 నుంచి వచ్చిన తరానివి. అంతకుముందు మొదటి తరం ఆర్‌ఎక్స్-7లో వచ్చిన 12ఏ, 13బి ఇంజన్లలో సీల్ మందం 3 మిల్లీమీటర్లు. మీ ఇంజన్ ఏ ఏడాదిదో ముందు తేల్చుకుని, దాని వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. పని వరుస మాత్రం ఏ ఇంజన్‌కైనా ఇదే.

చేతికి అందేలా ఉంచుకోవాల్సినవి: సందులు కొలిచే సన్నని ఆకులున్న ఫీలర్ గేజ్, 75 నుంచి 100 మిల్లీమీటర్ల మైక్రోమీటర్, బేరింగ్ లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్, ఒక గ్రాము తేడా చూపించే తూకం, మంచి వెలుతురు, భూతద్దం, ఒక కొత్త ఎపెక్స్ సీల్, కొత్త సైడ్ సీల్ (రోటర్ పక్కల్లో ఉండేది), కొత్త కార్నర్ సీల్ (మూలల దగ్గర గుండ్రటి రంధ్రంలో ఉండేది). కొత్త సీల్స్ ఎందుకంటే అవే మనకు కొలబద్దలు. పాత సీల్‌ను గాడిలో పెట్టి కొలిస్తే అరుగుదల సీల్‌దో గాడిదో తెలియదు.

1. విప్పేటప్పుడే గుర్తులు

ముందు రోటర్ ఏది, వెనక రోటర్ ఏది, ఏ మూల ఏ సీల్ ఉంది అన్నది రాసుకుంటూ విప్పండి. మూడు మూలలకూ 1, 2, 3 అని మార్కర్‌తో రాయండి, పంచ్‌తో కొట్టకండి. రోటర్‌ను నేరుగా ఇనుప బల్ల మీద పెట్టకుండా రబ్బరు షీట్ మీదో, మందపాటి గుడ్డ మీదో పెట్టండి. మూల కాస్త తగిలినా గాడి అంచు లోపలికి నలుగుతుంది. ఆ తర్వాత మీరు కొలిచేది ఇంజన్ చేసిన నష్టమో, మీ చేతిలో జరిగిందో తేలదు.

విప్పుతున్నప్పుడు ఏ సీల్ సులువుగా వచ్చింది, ఏది గాడిలో అతుక్కుపోయింది, ఏ స్ప్రింగ్ చచ్చుబడింది అన్నది కూడా రాసి పెట్టండి. తర్వాత ఒక మూలలో ఏదైనా తేడా కనిపిస్తే దానికి కారణం ఈ కాగితంలోనే దొరుకుతుంది.

2. శుభ్రం చేయడం

మసి పోకుండా కొలతలు తీయలేం, తూకం వేయలేం. రోటర్ మూడు ముఖాల మీదా గట్టిపడిన కార్బన్‌ను కార్బన్ రిమూవర్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ గరిటతోనో ఇత్తడి బ్రష్‌తోనో తీయండి. గాడుల్లోని మసిని విరిగిన పాత సీల్ ముక్కతో, అటూ ఇటూ ఒరగకుండా నిదానంగా గీరండి. గాడిలోకి ఎమెరీ కాగితం పోనివ్వకండి. మనం లెక్కపెట్టబోయేది మిల్లీమీటరులో వందో వంతులు. రెండుసార్లు రుద్దితే ఆ లెక్క తప్పుతుంది.

ఘాటైన క్షారం కలిపిన వేడి ట్యాంకులో రోటర్ వేయించే ముందు బేరింగ్ సంగతి ఆలోచించండి. ఇనుముకు ఏమీ కాదు గానీ బేరింగ్ పైపూత పాడవుతుంది. బేరింగ్ ఎలాగూ మారుస్తున్నారంటే అది వేరే విషయం.

రోటర్ లోపల బోలుగా ఉంటుంది. ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లోని (రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) జెట్‌ల నుంచి ఆయిల్ ఆ ఖాళీలోకి చిమ్మి రోటర్‌ను చల్లబరుస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన ఇంజన్‌లో ఆ గదుల్లో జిగురులాంటి మడ్డి పేరుకుని ఉంటుంది. దాన్ని పూర్తిగా కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. లోపల మడ్డి ఉంటే తూకం తప్పు చెబుతుంది. కడిగాక వెంటనే పల్చగా ఆయిల్ రాయండి, వట్టి పోత ఇనుము గంటల్లోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.

గాజు పూసలతో బ్లాస్ట్ చేసిన రోటర్ల గురించి ఒక మాట. ఒకసారి నేను వెండిలా మెరిసిపోతున్న రెండు రోటర్లు కొన్నాను. చూడగానే మనసు నిండిపోయి, కొలవకుండానే ఇంటికి తెచ్చాను. కొత్త సీల్ పెట్టి చూస్తే ఒక రోటర్ మూడు గాడుల్లోనూ పై అంచు విచ్చుకుని ఉంది. దాన్ని ఊపుతుంటే లోపలి నుంచి సన్నటి పూసలు రాలాయి. ఆ పూసలు ఆయిల్‌లో కలిస్తే బేరింగ్‌లు ఎన్నాళ్లు ఉంటాయి? ఇప్పుడు నేనైతే మసితో నల్లగా ఉన్న రోటర్‌నే ఇష్టపడతాను. దాని మీద అది బతికిన బతుకంతా కనిపిస్తుంది. బ్లాస్ట్ చేసిన దాంట్లో సొట్టల అంచులు కూడా నునుపై, దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు.

3. కంటితో చూడాల్సినవి

ముందు మూడు మూలలు. డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) వచ్చిన ఇంజన్‌లో ఎపెక్స్ సీల్ విరిగితే ఆ ముక్కలు బయటికి పోయేలోపు రోటర్‌కీ హౌసింగ్‌కీ మధ్య నలుగుతాయి. ముఖం మీద నెలవంకలాంటి గంట్లు, మూల అంచున చితికిన చోట్లు వాటి గుర్తులే. ముఖం మధ్యలో చిన్న సొట్ట ఉంటే పెద్ద భయం లేదు, పదునైన అంచును సన్నని ఆకురాయితో మొద్దు చేస్తే చాలు. పదును అలాగే ఉంటే అక్కడ వేడి పోగై మళ్లీ డిటొనేషన్‌కు దారి తీస్తుంది. అదే సొట్ట గాడి అంచు మీద ఉంటే లోహం గాడిలోకి ఒరిగి సీల్‌ను పట్టేస్తుంది. ఒరిగిన మేర మాత్రమే తీసి, సీల్ గాడి పొడవునా స్వేచ్ఛగా కదులుతుందో లేదో చూడండి. గాడి గోడ వంగి ఉంటే మాత్రం ఆ రోటర్‌ను వదిలేయండి.

తర్వాత పగుళ్లు. కార్నర్ సీల్ రంధ్రం చుట్టూ, ఎపెక్స్ గాడి అడుగున, లోపలి గేర్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్నుల దగ్గర భూతద్దంతో వెతకండి. డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) వాడొచ్చు. రోటర్ ఇనుముదే కాబట్టి అయస్కాంత పరీక్ష ఇంకా మంచిది. మెషిన్ షాపుల్లో చేస్తారు. టర్బో ఇంజన్ నుంచి వచ్చిన రోటర్లకు ఈ పరీక్ష చేయించకుండా నేను వాడను. పగులు దొరికితే ఇక ఆ రోటర్ మీద సమయం వృథా చేయకండి. వెల్డింగ్‌తో అతికించే పని కాదు.

గేర్ సంగతి త్వరగా తేలిపోతుంది. రోటర్ లోపలి గేర్‌కు 51 పళ్లు, హౌసింగ్‌కు బిగించిన స్థిర గేర్‌కు 34. ఈ నిష్పత్తి వల్లే షాఫ్ట్ మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి పన్నునూ చూడండి, చిట్లినా ఒకవైపే అరిగినా పనికిరాదు. గేర్‌ను చేత్తో కదిపి చూడండి, పిన్నుల దగ్గర ఏమాత్రం ఆట ఉండకూడదు.

చివరగా పక్కలు. నునుపైన పక్క మీద మెరుస్తున్న చారలుంటే రోటర్ సైడ్ హౌసింగ్‌ను రాసుకుందని అర్థం. ముందు షాఫ్ట్ ఎండ్ ప్లే (షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదిలే ఆట) గురించి ఆలోచించండి. అది 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, 0.09 దాటితే సరిచేయాలి. రోటర్ మార్చి ఎండ్ ప్లేని వదిలేస్తే కొత్త రోటర్‌కూ అవే చారలు పడతాయి.

4. ఎపెక్స్ గాడి: మొత్తం పనిలో ముఖ్యమైన ఘట్టం

ఇక్కడ తొందరపడకండి. రెండు రోటర్లకు కలిపి ఆరు గాడులు. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టినా అది సమయం వృథా కాదు.

కొత్త ఎపెక్స్ సీల్‌ను స్ప్రింగ్ లేకుండా గాడిలో పెట్టి, ఒక పక్కకు నెట్టి, రెండో పక్కన ఫీలర్ గేజ్ ఆకు పోనిచ్చి చూడండి. ఉండాల్సిన సందు 0.062 నుంచి 0.102 మిల్లీమీటర్లు. 0.15 ఆఖరి హద్దు. అయితే ఒక్కచోట కొలిచి సంతృప్తి పడితే మోసపోతారు. రోటర్ ముందు అంచు దగ్గర, మధ్యలో, వెనక అంచు దగ్గర, ఈ మూడు చోట్లా కొలవండి. ప్రతి చోటా ఆకును గాడి పై అంచు దగ్గర ఒకసారి, లోతుగా దించి ఇంకోసారి చూడండి.

పైనా కిందా ఒకేలా ఉంటే గాడి సమంగా అరిగింది. పైన వదులుగా, కింద బిగుతుగా ఉంటే గాడి నోరు విచ్చుకుంది. పైన 0.15 ఆకు పోయి, సగం లోతులో 0.08 ఆకు కూడా ఇరుక్కుంటుందనుకోండి. అడుగున బాగానే ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. ఎపెక్స్ సీల్‌ను గాడి గోడకు ఆనించి నిలబెట్టేది గ్యాస్ ఒత్తిడే. పేలుడు ఒత్తిడి ఒక పక్క నుంచి, ఆ వెంటనే ఇంకో పక్క నుంచి తోస్తూ ఉంటే సీల్ గాడిలో అటూ ఇటూ మారుతుంది. నోరు విచ్చుకున్న గాడిలో అది మారిన ప్రతిసారీ ఒరుగుతుంది. ఒరిగిన సీల్ హౌసింగ్ మీద సమంగా ఆనదు, కొన అరుగుతుంది, గ్యాస్ పక్క గదిలోకి జారుతుంది. చివరికి హౌసింగ్ క్రోమ్ మీద అడ్డంగా అలల్లాంటి గుర్తులు పడతాయి. మీ హౌసింగ్ మీద అలాంటి గుర్తులు కనిపిస్తే ముందు ఈ గాడులనే అనుమానించండి.

కొలత 0.10కి దగ్గరలో ఉన్న రోటర్‌ను మామూలుగా నడిపే బండికి నిశ్చింతగా వాడొచ్చు. 0.12, 0.13 అంటే మాన్యువల్ ప్రకారం సరే. టర్బో ఒత్తిడి పెంచి నడపబోయే ఇంజన్‌లో మాత్రం నేనైతే దాన్ని వేయను. హద్దు దాటిన 2 మిల్లీమీటర్ల గాడిని మెషిన్ చేయించి 3 మిల్లీమీటర్ల సీల్‌కు మార్చుకునే దారి ఒకటుంది. అలా చేస్తే ఆరు గాడులూ చేయించాలి. మిల్లింగ్ చేసే మనిషి గాడి కోణాన్ని, మధ్య గీతను తప్పకుండా పట్టుకోగలగాలి.

పాత ఎపెక్స్ సీల్ ఎత్తు కూడా కొలవండి. కొత్తది 8.0 మిల్లీమీటర్లు, ఆఖరి హద్దు 6.5. రీబిల్డ్‌లో సీల్ ఎలాగూ మారుస్తారు, అయినా పాతదాని మధ్యలో, చివర్లలో అరుగుదల పోల్చి చూస్తే రోటర్ ఎలా తిరిగిందో తెలుస్తుంది. ఒక చివర మాత్రమే ఎక్కువ అరిగిందంటే ఆ మూల గాడిని మళ్లీ కొలవండి.

5. సైడ్ సీల్, కార్నర్ సీల్, ఆయిల్ సీల్ చోట్లు

సైడ్ సీల్‌కూ దాని గాడికీ మధ్య సందు 0.028 నుంచి 0.078 మిల్లీమీటర్లు ఉండాలి, 0.10 దాటకూడదు. సైడ్ సీల్ చివరకూ కార్నర్ సీల్‌కూ మధ్య ఉండే సందు వేరే లెక్క. అది 0.05 నుంచి 0.15 ఉండాలి, 0.40 దాటితే సీల్ మార్చాలి. కొత్త సైడ్ సీల్ కాస్త పొడుగ్గా వస్తుంది, దాన్ని ప్రతి గాడికీ విడిగా రాపిడి చేసి అమర్చుకోవాలి. పన్నెండు సీల్స్, పన్నెండు కొలతలు. నేను 0.05కి దగ్గరగానే ఆపుతాను, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడంలో తేడా తెలుస్తుంది. 0.05 కన్నా తగ్గిస్తే మాత్రం వేడికి సీల్ సాగి కార్నర్ సీల్‌ను తోస్తుంది.

కార్నర్ సీల్ రంధ్రానికి మాజ్డా రెండు చివర్లున్న ప్రత్యేక గేజ్ ఇచ్చింది. ఏ చివరా దూరకపోతే రంధ్రం బాగుంది. ఒక చివర దూరితే కొత్త కార్నర్ సీల్ వేయాలి. రెండూ దూరితే రోటరే మార్చాలి. ఆ గేజ్ దొరకనప్పుడు కొత్త కార్నర్ సీల్‌కు ఒక చుక్క ఆయిల్ రాసి రంధ్రంలో పెట్టండి. నిదానంగా దిగాలి, వేలితో అటూ ఇటూ కదిపితే లోపల ఊగకూడదు. స్ప్రింగ్ పెట్టాక పైకి కనీసం 0.5 మిల్లీమీటర్లు లేవాలి, నొక్కి వదిలితే ఎక్కడా ఆగకుండా తిరిగి రావాలి.

రోటర్ పక్కల్లో ఆయిల్‌ను ఆపే ఆయిల్ సీల్ గాడుల్లో గీతలు, తుప్పు గుంటలు లేకుంటే చాలు. పాత ఆయిల్ సీల్ పెదవి వెడల్పు 0.5 మిల్లీమీటర్లు దాటితే అది అయిపోయినట్టే.

6. వెడల్పు, బేరింగ్

రోటర్ వెడల్పును పక్కలు ఎత్తుగా ఉన్న చోట మూడు మూలల దగ్గరా కొలవండి. అదే ఇంజన్‌లో వేయబోయే రోటర్ హౌసింగ్ మందాన్ని కూడా కొలిచి రోటర్ వెడల్పును అందులోంచి తీసేయండి. తేడా 0.12 నుంచి 0.21 మిల్లీమీటర్లు ఉండాలి. 0.10 కన్నా తక్కువైతే వేడెక్కినప్పుడు రోటర్ పక్కలను రాసుకుంటుంది. హౌసింగ్‌లు మారుస్తుంటే ఈ లెక్క కొత్త హౌసింగ్‌తో వేయాలన్నది చాలామంది మర్చిపోతారు.

బేరింగ్ మీద బూడిద రంగు పూత సమంగా ఉండాలి. రాగి రంగు బయటపడినా, గోటికి తగిలే గీతలున్నా, పొరలు లేచినా మార్చేయండి. బేరింగ్ లోపలి వ్యాసంలోంచి షాఫ్ట్ మీద రోటర్ కూర్చునే జర్నల్ వ్యాసం తీసేస్తే 0.04 నుంచి 0.08 మిల్లీమీటర్లు రావాలి, 0.10 హద్దు. సుత్తితో కొట్టి మార్చే పని పెట్టుకోకండి. సరైన సైజు మాండ్రెల్, ప్రెస్ ఉన్న చోటికి తీసుకెళ్లండి.

7. జత కుదర్చడం

ఇప్పటిదాకా ఒక్కో రోటర్‌ను విడిగా చూశాం. ఇంజన్‌కు మాత్రం రెండూ కలిసి ఒకే భాగంలా ఉండాలి. వేర్వేరు ఇంజన్ల నుంచి వచ్చిన రెండు మంచి రోటర్లు చెడ్డ జత అయ్యే అవకాశం ఉంది.

మొదట కంప్రెషన్ నిష్పత్తి, అంటే గదిలోని గాలి ఎన్ని రెట్లు కుదించుకుపోతుందన్నది. 13బి రోటర్లన్నీ బయటి ఆకారంలో ఒకేలా కనిపిస్తాయి, ముఖం మీది గుంటలోనే తేడా. 1986-88 టర్బోవి 8.5, టర్బో లేనివి 9.4. 1989-91లో టర్బోవి 9.0, టర్బో లేనివి 9.7. మూడో తరం ఆర్‌ఎక్స్-7లోని 13బి-ఆర్‌ఈడబ్ల్యూవి 9.0. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్‌వి 10.0, వాటి సీల్స్ కూడా వేరు, పాతవాటితో కలిపి వాడకండి. అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడకుండా డెప్త్ గేజ్‌ను ప్రతి గుంటలోనూ ఒకే చోట నిలిపి లోతు పోల్చండి. ఆరు ముఖాలూ ఒకేలా రావాలి.

తర్వాత బరువు. 13బి రోటర్ పక్క మీద A నుంచి E దాకా ఏదో ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, అది కర్మాగారం ఇచ్చిన బరువు తరగతి. రెండింటి మీదా ఒకే అక్షరం ఉంటే మంచిది. అయినా తూకం వేయండి, మధ్యలో ఎవరు ఎక్కడ గీకారో మనకు తెలియదు. సీల్స్ లేకుండా, బేరింగ్‌తో, పూర్తిగా ఆరిన రోటర్‌ను మూడుసార్లు తూచి సగటు రాసుకోండి.

తేడా ఎంత ముఖ్యమో లెక్క వేసి చూద్దాం. రోటర్ కేంద్రం షాఫ్ట్ కేంద్రానికి 15 మిల్లీమీటర్ల దూరంలో, షాఫ్ట్ వేగంతోనే చుట్టూ తిరుగుతుంది. 8,000 ఆర్‌పీఎం దగ్గర రెండు రోటర్ల మధ్య 10 గ్రాముల తేడా ఉంటే షాఫ్ట్‌ను పక్కకు లాగే బలం సుమారు 105 న్యూటన్లు. అంటే పది కిలోలకు పైగా బరువు నిమిషానికి ఎనిమిది వేల సార్లు దిక్కు మారుస్తూ బేరింగ్‌లను గుంజుతున్నట్టు. నేను 5 గ్రాముల లోపు ఉంటేనే నేరుగా బిగిస్తాను. అంతకు మించితే రెండు రోటర్లు, షాఫ్ట్, ముందు కౌంటర్‌వెయిట్ (రోటర్ల బరువుకు సమతూకంగా షాఫ్ట్ చివర ఉండే దిమ్మ), వెనక కౌంటర్‌వెయిట్ లేదా ఫ్లైవీల్ అన్నీ కలిపి బ్యాలెన్స్ చేయించండి. బరువు తగ్గించాలని మీరే రోటర్‌ను గ్రైండ్ చేయకండి, ముఖాన్ని అసలు ముట్టుకోకండి.

రెండు రోటర్ల బరువూ సమానంగా ఉంటే సరిపోదు. కౌంటర్‌వెయిట్‌లు కూడా ఆ తరం రోటర్లవే కావాలి. 1989 నుంచి రోటర్లు తేలికయ్యాయి. 1988 నాటి ఇంజన్‌లో తేలిక రోటర్ల జత వేసి పాత ఫ్లైవీల్ అలాగే ఉంచితే రోటర్లు ఒకదానికొకటి సరిపోయినా ఇంజన్ మొత్తంగా వణుకుతుంది. మాన్యువల్ గేర్ బండ్లలో కంపెనీ ఫ్లైవీల్‌లోనే వెనక కౌంటర్‌వెయిట్ కలిసి ఉంటుంది. తేలికైన ఫ్లైవీల్ వేసేవాళ్లు ఆ రోటర్ల తరానికి సరిపోయే విడి కౌంటర్‌వెయిట్ కొనాలి.

8. రాసి, దాచి పెట్టడం

ప్రతి రోటర్‌కూ ఒక కాగితం పెట్టండి. పైన అక్షరం, బరువు, గుంట లోతు. కింద మూడు మూలలకూ విడివిడిగా ఎపెక్స్ గాడి కొలతలు, సైడ్ సీల్ సందులు, కార్నర్ సీల్ ఫలితం, బేరింగ్ సందు. ఇంకో జత రోటర్లు చేతిలో ఉంటే నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచి చూడండి. ఒక్కోసారి రెండు ఇంజన్ల నుంచి ఒక మంచి జత బయటపడుతుంది. ఒకే తరానివి అయి, గాడులు బాగుండి, బరువు దగ్గరగా ఉంటే ఏ ఇంజన్ నుంచి వచ్చాయన్నది పట్టించుకోనక్కర్లేదు. గాడులకూ బరువుకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మంచి గాడులున్నదాన్నే తీసుకోండి. బరువును బ్యాలెన్సింగ్‌తో సరిచేయొచ్చు.

ఎంచుకున్న రోటర్లకు గాడుల్లోనూ బేరింగ్‌లోనూ ఆయిల్ పట్టించి, ముందుది వెనకది అని రాసి, వేర్వేరు ప్లాస్టిక్ సంచుల్లో గాలి పోకుండా కట్టి, మూలలు దేనికీ తగలకుండా పడుకోబెట్టండి. బిగించే రోజున సంచి విప్పగానే కొత్త ఎపెక్స్ సీల్‌ను ప్రతి గాడిలోనూ ఒకసారి చివరి నుంచి చివరికి జార్చి చూసి, అప్పుడు మొదలుపెట్టండి.